పాత ఆయిల్ ఇంజను కొంటున్నారా? విప్పి కొలిచాకే లెక్క వేయండి

శివారు ఆయకట్టు రైతుకు ఆయిల్ ఇంజను విలువ వంతు వచ్చిన రోజున తెలుస్తుంది. కాలువలో నీళ్ళు నిలిచేది నాలుగైదు రోజులే. ఆ రోజుల్లో బోదెలోకి నీరు ఎక్కకపోతే ఇంజను పెట్టి తోడుకోవడం తప్ప దారి లేదు. సరిగ్గా అప్పుడే ఇంజను మొరాయించిందనుకోండి, మేస్త్రీని పట్టుకొచ్చి, సామాను తెచ్చి బిగించేసరికి వంతు దాటిపోతుంది. పొట్ట మీదున్న వరి మేస్త్రీ కోసం ఆగదు. రెండెకరాల రైతుకు ఆ నాలుగు రోజులే ఏడాది గింజలు.

కృష్ణా డెల్టా అంటే నీళ్ళకు కొదవ లేని దేశమని బయటివాళ్ళ నమ్మకం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ కట్టారు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళు కూడా వచ్చి కలుస్తున్నాయి. అయినా నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చివరి ఎకరాల రైతును అడిగితే వేరే కథ చెబుతాడు. ఆ తీరంలో చాలాచోట్ల బోరు వేస్తే పడేది ఉప్పునీరు. కరెంటు మోటారు పెట్టుకునే వీలున్న రైతుకు 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది, అతను ఇంజను జోలికి పోనక్కరలేదు. కాలువ గట్టునో, డ్రైను ఒడ్డునో, కరెంటు స్తంభం కనుచూపు మేరలో లేని చోట పొలం ఉన్నవారి కోసమే ఈ వివరాలు.

కొత్త ఇంజను కొనే స్తోమత అందరికీ ఉండదు. సగం ధరకో, అంతకన్నా తక్కువకో పాతది దొరికితే తెచ్చుకుని బాగు చేయించుకోవడం మన జిల్లాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. విజయవాడ ఆటోనగర్ పక్కనుండగా ఆ పనికి దిగులు లేదు. లారీ ఇంజను నుంచి చేతి పంపు దాకా విప్పి బిగించగల పనివారు, లేతులు, బోరింగు మిషన్లు అక్కడ ఉన్నాయి. గుడివాడ, బందరు, తెనాలిలో కూడా చిన్న పనులు చేసే షాపులున్నాయి. చిక్కల్లా రైతు లెక్కలోనే వస్తుంది. ఇంజను ధర ఒకటే చూసి కొంటాడు. విప్పాక బయటపడే ఖర్చు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంటాడు.

మన మెకానిక్కులు ఈ పనిని 'ఓవరాయిలింగు' అంటారు. వినడానికి చమురు పోయడంలా ఉంటుంది. అసలు మాట ఓవర్‌హాలింగు. మొత్తం విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవి మార్చి, తిరిగి బిగించడం అన్నమాట. ఇందులో 'కొలిచి' అన్న ముక్కే చాలాచోట్ల ఎగిరిపోతుంది. కొలవకుండా రింగులు మార్చి, రంగు వేసి ఇచ్చిన ఇంజను మొదటి దాళ్వా దాటదు.

ఏ రకం ఇంజను

మన పొలాల్లో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెద్ద పెద్ద ఫ్లైవీల్స్‌తో నిమిషానికి 600 నుంచి 650 చుట్లు తిరుగుతూ టక్ టక్ మని నిదానంగా నడిచేది. ఇది లిస్టర్ రకం. ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీ 1929లో తెచ్చిన 5 హార్స్ పవర్ ఇంజను దీనికి మూలం. తర్వాత రోజుల్లో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పరిసరాల్లో దీన్ని విరివిగా తయారు చేశారు. రెండోది 1500 చుట్లు తిరిగేది. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వారి 5 హార్స్ పవర్ నీళ్ళ ఇంజను ఈ రకంలో ఊరూరా తెలిసిందే. దాని సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు.

నిదానపు ఇంజను బరువు ఎక్కువ, గట్టు గట్టుకూ మోసుకుపోవడం కష్టం. కానీ అరుగుదల తక్కువ, ఊరి మేస్త్రీకి సులువుగా లొంగుతుంది. వేగం ఇంజను తేలిక, పంపుతో సహా ఒకే చట్రం మీద కూర్చుంటుంది. ఏది కొన్నా ఒక్కటి చూసుకోండి: మీ టౌనులోని షాపుకు వెళ్ళి, ఆ మోడల్‌కు పిస్టను సెట్టు, బేరింగు షెల్సు, హెడ్డు ప్యాకింగు దొరుకుతాయా అని ముందే అడగండి. పేరు తెలియని ఇంజను ఎంత చౌకగా వచ్చినా విడిభాగం దొరకని రోజున పాత ఇనుము కిందే లెక్క.

కొనే ముందు, చల్లగా ఉన్నప్పుడు

అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళగానే ముందు హెడ్డు మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఒకసారి నడిపారన్నమాట. చల్లగా ఉన్న ఇంజను ఎలా స్టార్టవుతుందో చూడటమే అసలు పరీక్ష. "కాసేపు ఆగి, చల్లారాక చూస్తాను" అని మొహమాటం లేకుండా చెప్పండి.

స్టార్టు చేయకముందే హ్యాండిల్‌తో నిదానంగా తిప్పండి. డీకంప్రెషన్ లివరు వదిలేసి ఫ్లైవీల్‌ను కంప్రెషన్ మీదికి తోస్తే, అది స్ప్రింగు మీద పడ్డట్టు వెనక్కి తన్నాలి. మెత్తగా జారిపోతే గాలి ఎక్కడో పోతోంది. రింగుల దగ్గరైనా పోవాలి, వాల్వుల దగ్గరైనా పోవాలి. సిలిండరులోకి ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోయించి మళ్ళీ తిప్పి చూడండి. బిగువు పెరిగితే లోపం రింగులూ సిలిండరూ వైపు ఉంది. పెరగకపోతే వాల్వులనో, హెడ్డు ప్యాకింగునో అనుమానించాలి.

ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడండి. ఆయిలు మజ్జిగలా తెల్లబారితే నీళ్ళు కలుస్తున్నాయి. వేళ్ళ మధ్య రుద్దితే మెరిసే పొడి తగిలితే బేరింగులు కరిగిపోతున్నాయి. తర్వాత స్టార్టు చేయించి పొగ రంగు చూడాలి. నల్ల పొగ అంటే డీజిలు ఎక్కువ పడుతోందనో, గాలి చాలడం లేదనో అర్థం. ఇది భయపడాల్సిన జబ్బు కాదు, నాజిల్ దగ్గరో ఎయిర్ క్లీనరు దగ్గరో తేలిపోవచ్చు. నీలి పొగ అంటే ఆయిలు కాలుతోంది, చేతి చమురు వదిలే లక్షణం ఇదే. తెల్ల పొగ స్టార్టయిన మొదట్లో కాసేపు వస్తే వచ్చింది, వేడెక్కాక కూడా వస్తుంటే డీజిలు సరిగా మండటం లేదు, లేదా నీళ్ళు సిలిండరులోకి దిగుతున్నాయి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయిస్తే అక్కడినుంచి పొగ బుసబుస కొట్టకూడదు. కొడితే రింగుల పక్కనుంచి మంట కిందికి దిగుతోందన్నమాటే.

వట్టిగా నడిపి చూపిస్తే సరిపోదు. లోడు మీద, అంటే పంపు నీళ్ళు పోస్తుండగా అరగంట నడిపించమనండి. వట్టిగా అన్ని ఇంజన్లూ బాగానే పాడతాయి.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, నది పొడవునా లంకలు మునిగాయి. మునిగిన యంత్రాలు కడిగి, రంగు వేసి చేతులు మారడం ఏ వరద తర్వాతైనా జరిగేదే. మునిగిన ఇంజను పనికిరాదని కాదు, వెంటనే విప్పి ఆరబెట్టి ఆయిలు పట్టిస్తే బతుకుతుంది. నెలల తరబడి అలా వదిలేసిందైతే తుప్పు లోపల తినేసి ఉంటుంది. పైన రంగు చూసి ఇది తెలియదు. టాపెట్ కవరు విప్పించి స్ప్రింగుల మీద తుప్పు చుక్కలు చూడండి. పక్క తలుపు తీయించి చాంబరు మూలల్లో సన్నటి ఒండ్రు పేరుకుందేమో వేలు పెట్టి చూడండి. కృష్ణ ఒండ్రు పొలానికి బంగారం, బేరింగుకు విషం.

విప్పాక కొలవాల్సినవి

బేరం కుదిరిందనుకుందాం. మెకానిక్ షాపుకు తెచ్చారు. ఇక్కడ చాలామంది చేసేదేమిటంటే, ఇంజను విప్పకముందే 'కిట్టు' కొనేస్తారు. పిస్టను, రింగులు, ప్యాకింగులు ఒక పెట్టెలో వస్తాయి కాబట్టి అదే మందు అనుకుంటారు. వద్దు. ముందు విప్పించి, కిరసనాయిలుతో కడిగించి, మూడు చోట్ల కొలతలు తీయించండి. ఆ మూడు అంకెలు కాగితం మీద రాయించుకున్నాక మీరే చెప్పగలరు ఆ ఇంజను మీద ఇంకా ఎంత పెట్టవచ్చో.

మొదటిది సిలిండరు. ఇది అన్నిచోట్లా సమానంగా అరగదు. పై రింగు ఆగి వెనక్కి మళ్ళే చోట, అంటే పై అంచుకు కాస్త కింద, ఎక్కువ అరుగుతుంది. మంట వేడి అక్కడే, ఆయిలు తక్కువగా చేరేదీ అక్కడే. అందుకే బోర్ గేజి పెట్టి పైన, మధ్యన, కింద, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. ఆరు అంకెలు వస్తాయి. పైకీ కిందికీ తేడా ఎంతో, గుండ్రం ఎంత తప్పిందో వాటిలో కనిపిస్తుంది. షాపుల్లో ఈ తేడాలు 'థౌ'లలో చెబుతారు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అరుగుదల 8 నుంచి 10 థౌకు చేరితే రింగులతో సరిపెట్టడం దండగ. సిలిండరు బోరింగు చేయించి 10, 20, 30 థౌ ఓవర్ సైజు పిస్టను వేయించాలి. లైనరు విడిగా ఉండే ఇంజనైతే పాత లైనరు లాగేసి కొత్త లైనరూ పిస్టనూ కలిపి వేయించడం మేలు. అప్పుడు సైజు మళ్ళీ మొదటికొస్తుంది.

బోరింగు ఇదివరకే ఎన్నిసార్లు అయిందో పిస్టను నెత్తి మీద గుద్దిన అంకె చెబుతుంది. మసి గోకి చూడండి. 30 అనో 40 అనో కనిపిస్తే, లైనరు మార్చే వీలు లేని ఇంజనైతే ఇక దానికి ఆయుష్షు తక్కువ.

రెండోది క్రాంకు. కనెక్టింగ్ రాడ్డు పట్టుకునే పిన్నును మైక్రోమీటరుతో రెండు దిక్కులా కొలిపించండి. రెండు థౌకు మించి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే, గోరుకు గీతలు తగులుతుంటే, గ్రైండింగు చేయించి అండర్ సైజు షెల్సు వేయించాలి. గుండ్రం తప్పిన పిన్ను మీద కొత్త షెల్సు వేయడం వంకర చక్రానికి కొత్త పట్టా కొట్టినట్టే. గ్రైండింగులో మీరు అడగాల్సిన మాట ఒకటుంది: పిన్ను రెండు మూలల్లో ఉండే నున్నటి వంపు చెడగొట్టవద్దని. ఆ మూలను కత్తితో కోసినట్టు నిక్కచ్చిగా కోస్తే, ఎప్పుడో నడిరాత్రి లోడు మీద క్రాంకు అక్కడే విరుగుతుంది. మంచి పనివాడికి ఈ మాట చెప్పనక్కరలేదు. చెబితే నొచ్చుకోడు కూడా.

మూడోది దిమ్మ, హెడ్డు. వీటికి కొలతతో పాటు చూపు కూడా ముఖ్యం. హెడ్డు అడుగున స్టీలు పట్టీ ఆనించి, సందులో ఫీలర్ గేజి పెట్టి వంగిందేమో చూస్తారు. వాల్వుల మధ్య సన్నటి పగులు ఉంటే కడిగాక భూతద్దంలో కనిపిస్తుంది. సముద్రం దగ్గరి మండలాల ఇంజన్లలో ఇంకొకటి చూడాలి. మనవాళ్ళు డ్రైను నీళ్ళే జాకెట్టులోకి మళ్ళిస్తారు. ఉప్పు కలిసిన నీళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి, లైనరు కింద రబ్బరు రింగులు కూర్చునే గాడిని తినేస్తాయి. అక్కడ గుంటలు పడితే ఎన్ని కొత్త రబ్బర్లు వేసినా నీళ్ళు ఆయిల్లోకి దిగుతూనే ఉంటాయి. దిమ్మే అలా పోతే బేరం మానుకోవడం మంచిది. మిగతా అన్నీ మార్చవచ్చు, దిమ్మ మార్చాక అది వేరే ఇంజను.

ఇప్పుడు లెక్క. కొన్న ధర, విడిభాగాలు, మెషిన్ షాపు పని, మేస్త్రీ కూలి, రవాణా అన్నీ కలిపి కొత్త ఇంజను ధరలో సగానికి లోపు ఉంటే ముందుకు పోవచ్చు. మూడో వంతు, నాలుగో వంతు మిగులు కోసం అయితే వద్దనే నా సలహా. ఆ కాస్త ఆదాకు కొత్త ఇంజనుకు వచ్చే గ్యారంటీ వదులుకోవాల్సి వస్తుంది. అలాగని చిన్న మరమ్మతుతో తేలే ఇంజనును అలాగే వాడుకోవడమూ ఆదా కాదు. అరిగిన ఇంజను గంటకు పావు లీటరు డీజిలు ఎక్కువ తాగుతోందనుకోండి. ఏడాదికి 200 గంటలు నడిస్తే 50 లీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి లీటరు 100 రూపాయలనుకుంటే 5,000 రూపాయలు పొగ గొట్టం లోంచి పోయినట్టు.

బిగింపులో మోసపోయే చోట్లు

పాత పిస్టనుకు కొత్త రింగులు వేయడం మామూలుగా జరిగే పని. పిస్టను గాడి కూడా అరుగుతుందన్న సంగతి మరిచిపోతారు. గాడిలో కొత్త రింగు పెట్టి పక్క సందులో ఫీలర్ గేజి పెడితే 6 థౌ బిళ్ళ దూరితే ఆ పిస్టను పనికిరాదు. రింగు గాడిలో ఎగిరెగిరి పడుతూ ఆయిలును పైకి తోడుతుంది. కొత్త రింగులు వేసినా నీలి పొగ తగ్గలేదని రైతు మొత్తుకునేది ఇక్కడే.

రింగును సిలిండరులో పెట్టి, పిస్టనుతో సమంగా లోపలికి నెట్టి, కొసల మధ్య సందు చూడాలి. అంగుళం వ్యాసానికి 3 నుంచి 4 థౌ లెక్క. 80 మిల్లీమీటర్ల సిలిండరుకు సుమారు 10 నుంచి 13 థౌ వస్తుంది. సందు మరీ తక్కువైతే వేడికి రింగు సాగి కొసలు ఢీకొని సిలిండరును గీరేస్తుంది. ఎక్కువైతే గాలి పోతుంది. పెట్టెలోంచి తీసిన రింగు కొలవకుండా ఎక్కించే మేస్త్రీని ఎదురుగా కూర్చుని ఆపండి.

బోరింగు తర్వాత హోనింగు రాయితో సిలిండరు గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతారు. అవి లోపం కాదు, ఆయిలు నిలవడానికే. కానీ ఆ రాతి పొడి గీతల్లో ఇరుక్కుంటుంది. కిరసనాయిలుతో తుడిస్తే పోదు. వేడి నీళ్ళు, బట్టల సబ్బు, బ్రష్షు పెట్టి తోమి, తెల్ల గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు నలుపు అంటనంత వరకూ మళ్ళీ మళ్ళీ తోమాలి. తర్వాత వెంటనే ఆయిలు రాయాలి, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది. క్రాంకు ఆయిలు రంధ్రాల్లోకి తీగ దూర్చి కడగడం కూడా అంతే ముఖ్యం. ఖర్చు లేని పని ఇది. కొత్త రింగులు నెలకే అరిగిపోయిన ఇంజన్లలో ఎన్నో ఈ సబ్బు నీళ్ళు లేకే పోయాయి.

వాల్వులు రుబ్బించాక ఒక చిన్న పరీక్ష చేయించండి. హెడ్డును పక్కకు తిప్పి, వాల్వు వెనక దారిలో కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఉంచాలి. వాల్వు అంచు చుట్టూ చెమ్మ రాకూడదు. వస్తే మళ్ళీ రుబ్బాలి.

హెడ్డు బోల్టులు టార్క్ స్పానరుతో, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. 'చేతి అంచనా' అనే మేస్త్రీ అంచనా ఎంత గొప్పదైనా సరే, స్పానరు అంచనానే మేలు. ప్యాకింగు ఎంత మందం వేయాలన్నది పిస్టను పైకొచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మిగిలే సందును బట్టి ఉంటుంది. సీసపు తీగ ముక్క పిస్టను మీద పెట్టి, హెడ్డు బిగించి, ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగను కొలిస్తే ఆ సందు తెలుస్తుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన అంకెతో సరిపోవాలి. దాన్ని బట్టే ప్యాకింగు.

నాజిల్, డీజిల్ పంపు మాత్రం ఊరి మేస్త్రీతో విప్పించవద్దు. వాటికి వేరే టెస్టింగు బెంచీ ఉంటుంది, విజయవాడలో పంపు పనే చేసే షాపులున్నాయి. నాజిల్ మంచులా చల్లాలి, చుక్కలు కారకూడదు. నాజిల్ పరీక్షించేటప్పుడు ఆ చిమ్మే డీజిలు ముందు పొరపాటున కూడా వేలు పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోక వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

వేగం పెంచమనకండి

బాగు చేసిన ఇంజను పొలం మీదికి రాగానే కొందరు రైతులు అడిగే మాట: "గవర్నరు స్ప్రింగు కాస్త బిగించు, నీళ్ళు ఎక్కువ పడతాయి." పడతాయి, నిజమే. కానీ పంపు లెక్క ఎలా ఉంటుందో చూడండి. వేగం పదో వంతు పెంచితే నీళ్ళు పెరిగేదీ పదో వంతే. దానికి కావలసిన శక్తి మాత్రం మూడో వంతు పెరుగుతుంది. 1500 చుట్ల ఇంజనును 1650కి తోలితే, 4 హార్స్ పవర్ అడిగే పంపు 5 దాటి అడుగుతుంది. ఆ భారమంతా మీరు ఇప్పుడే డబ్బు పోసి వేయించిన షెల్సు మీద, పిస్టను మీద పడుతుంది. నల్ల పొగ మొదలవుతుంది, డీజిలు మండిపోతుంది.

సరదాకు పందెం కార్లు కట్టుకునేవాళ్ళు కూడా మనలాగే పాత ఇంజను తెచ్చి, విప్పి, కొలిచి, బోరింగు చేయించి బిగించుకుంటారు. పని ఒకటే, కోరిక వేరు. వాళ్ళకు కావలసింది కాసేపటి వేగం. పందెం అయ్యాక మళ్ళీ విప్పి చూసుకుంటారు, విరిగితే కొత్తది వేసుకుంటారు. మీ ఇంజను రాత్రంతా ఒకే వేగంతో, కాపలా లేకుండా, గట్టు మీద నడవాలి. పేరు పలక మీద రాసిన చుట్లే దానికి హద్దు.

నీళ్ళు ఎక్కువ కావాలంటే ఇంజనును కాదు, పైపును చూడండి. ఫుట్ వాల్వు జాలీకి నాచు, గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకున్నాయేమో, పైపులో గాలి లాగే చోటు ఉందేమో, అక్కరలేని వంపులు ఉన్నాయేమో. పంపును నీటికి వీలైనంత దగ్గరగా దించండి. అనవసరంగా నీళ్ళను ఆరడుగులు పైకి ఎత్తి మళ్ళీ బోదెలో పడేసే పైపులు ఎన్నో చోట్ల కనిపిస్తాయి. పైపు నోరు బోదె మట్టానికి దించితే అదే డీజిలుకు నీళ్ళు పెరుగుతాయి.

మొదటి పాతిక గంటలు

కొత్తగా బిగించిన రింగులూ సిలిండరూ ఒకదానికొకటి సర్దుకోవాలి. ఇందుకు మొదటి గంట తేలికగా, తర్వాత కొన్ని గంటలు సగం లోడుతో, ఆ పైన నిదానంగా పూర్తి లోడుకు తీసుకుపోవాలి. అలాగని గంటల తరబడి వట్టిగా తిప్పడమూ మంచిది కాదు. లోడు లేకపోతే రింగులు గోడకు ఒత్తుకోవు, గోడ అద్దంలా నునుపు తేలిపోయి ఆయిలు తాగే జబ్బు ఉండిపోతుంది. 20, 25 గంటలు అయ్యాక మొదటి ఆయిలు వంపేసి, ఫిల్టరు ఉంటే మార్చి, కొత్త ఆయిలు పోయాలి. మొదటి రోజు నడిపి పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులు, టాపెట్ల సందు మళ్ళీ సరిచూడమని మేస్త్రీకి ముందే చెప్పి, కూలిలో కొంత ఆ రోజుకు అట్టే పెట్టండి.

నీళ్ళ ఇంజనును చల్లగా ఉంచితే మంచిదనుకోవడం పొరపాటు. పంపు నీళ్ళన్నీ జాకెట్టులోంచి పారిస్తే ఇంజను ఎప్పటికీ వేడెక్కదు. చల్లటి సిలిండరు గోడ మీద పొగలోని గంధకం చెమ్మతో కలిసి ఆమ్లంగా మారి లైనరును తింటుంది. బయటికొచ్చే నీళ్ళలో చెయ్యి పెడితే చుర్రుమనాలి, కొద్ది క్షణాలు మాత్రమే ఉంచగలగాలి. అలా ఉండేట్టు కుళాయి తిప్పి సర్దుకోండి. ఉప్పు డ్రైను పక్కనున్నవాళ్ళు పాత డ్రమ్ము ఒకటి పెట్టుకుని మంచినీళ్ళు అందులోనే తిరిగేట్టు చేసుకుంటే దిమ్మ పదికాలాలు ఉంటుంది.

నూర్పిళ్ళ కాలంలో ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు తరచూ మార్చాలి. గాలిలో ఎగిరే ఊక, ధూళి సిలిండరులోకి పోతే బోరింగు రాయి పెట్టి అరగదీసినట్టే. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచండి, చుట్టి పట్టుకుంటే వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరుగుతుంది. లుంగీ, తువ్వాలు ఫ్లైవీల్‌కు దూరం. వాన పడుతోందని మూసిన పాకలో ఇంజను పెట్టి పక్కనే పడుకోవద్దు. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మార్చిన పాత భాగాలన్నీ షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. పాత పిస్టను, షెల్సు చూస్తే ఏవి నిజంగా మార్చారో తెలుస్తుంది. బిల్లు మీద పిస్టను సైజు, షెల్సు సైజు రాయించుకోండి. మూడేళ్ళ తర్వాత మళ్ళీ విప్పే మేస్త్రీకి ఆ కాగితమే దారి చూపిస్తుంది, మీరు అమ్మదలచుకుంటే ధరా పలుకుతుంది.

పంట అయిపోయి ఇంజనును ఇంటికి చేర్చాక నాలుగు నెలలు అలా వదిలేస్తే తీరపు ఉప్పు గాలికి కొత్త సిలిండరైనా తుప్పు పడుతుంది. జాకెట్టులో నీళ్ళు పూర్తిగా వంపేయండి. సిలిండరులోకి రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి, హ్యాండిల్‌తో కొన్ని చుట్లు తిప్పి, కంప్రెషన్ బిగువు తగిలిన చోట ఫ్లైవీల్‌ను ఆపండి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ గాలి లోపలికి పోదు. పొగ గొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లించండి. సార్వాకు స్టార్టు చేసే ముందు డబ్బా తీయడం మరవకండి.